తెల్ల మాత్ర, నలభై జాకెట్లు

జనవరి 9

ఒరేయ్ బండోడా,

నిన్న ఫోన్‌లో "వినపడట్లేదు, గట్టిగా మాట్లాడు" అని పదకొండుసార్లు అరిచావు. లెక్కపెట్టాను. నీ అరుపు నాకే కాదు, మా వీధి చివరిదాకా వినపడి ఉంటుంది. నా గొంతు ఇక ఇంతేరా. ఈ పార్కిన్సన్స్ చేతినే కాదు, గొంతునీ పట్టుకుంటుందట. ఆ ముక్క డాక్టరు ఆర్నెల్ల తర్వాత తీరిగ్గా చెప్పాడు. ఇవాళ్టి నుంచి మనకి ఉత్తరాలే. నువ్వు అరవక్కర్లేదు, నేను గొణగక్కర్లేదు.

మందులు ఎలా ఉన్నాయని అడిగావు. అసహ్యంగా ఉన్నాయి. పసుపు మాత్ర రోజుకి నాలుగు. వేసుకున్న అరగంటకి కడుపులో తిప్పుతుంది. మొన్న బస్సులో డోకొచ్చి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటే పక్కనావిడ తన సంచి అవతలికి జరుపుకుంది. పాలతో వేసుకోకూడదు, గుడ్డు తిని వేసుకోకూడదు, తిన్నాక గంటన్నర ఆగాలి, వేసుకున్నాక అరగంట ఏదీ ముట్టుకోకూడదు. మరి నేను తినేదెప్పుడు? దీనికంటే కవల పిల్లల్ని పెంచడం సుఖం.

వణుక్కి ఇంకో మాత్ర ఉంది. దాంతో నోరు ఎండిపోయి నాలుక అంగిలికి అంటుకుంటుంది, మాటలు గుర్తుకురావు. మొన్న నాకు "కత్తెర" అనే మాట రాలేదు! ఇరవై రెండేళ్లుగా నా చేతిలో ఉన్న వస్తువు. "అదే, కోసేది" అన్నాను. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. లోపల ఒళ్లు మండిపోయింది.

ఇంత తంటా పడితే పసుపు మాత్ర పనిచేసేది మూడు గంటలు. ఆ మూడు గంటలూ మనిషిని. తర్వాత కుడిచెయ్యి తన ఇష్టం తనది. నలభై మూడేళ్లకి ముసలివాళ్ల రోగం. "ఈ వయసులో రావడం అరుదండీ" అంటాడు డాక్టరు, నాకేదో బహుమతి వచ్చినట్టు.

నువ్వు మీ పడవల కంపెనీలో చెప్పి మా వర్క్‌షాపుకి ఇప్పించిన ఆర్డరు మొదలైంది. నీళ్లలో పడితే మనిషిని తేల్చే జాకెట్లు, ముందు నలభై, తర్వాత అరవై. ఉన్నవి ఐదు మిషన్లు, అందరి మీదా పెద్దదాన్ని నేను. పట్టీలన్నీ నా చేతి మీదుగానే పోవాలి. మా యజమానురాలికి నా రోగం సంగతి తెలీదు. తెలిసిందో, నన్ను మిషన్ మీంచి లేపేస్తుంది. ఆ మిషన్ లేకపోతే నేనేంటో నాకు తెలీదురా. నోరు జారకు, నీ నోట్లో నువ్వుగింజ నానదు.

మాత్ర దిగిపోతోంది, అక్షరాలు చీమలైపోతున్నాయి. ఆపుతున్నా.

అక్క

జనవరి 18

అక్కా,

నీ ఉత్తరం స్టోర్‌రూమ్‌లో పైకి చదువుకున్నాను. భయపడకు, తాళ్ల చుట్టలూ పెయింటు డబ్బాలూ తప్ప ఎవరూ వినలేదు.

నీ సంగతి నాకు తెలీదా? డాక్టరు ముందు నోరు మెదపవు, ఇంటికొచ్చి బావ మీద ఎగురుతావు. మా పెద్ద పడవ సరంగు బావమరిదికీ నీ జబ్బేనట. ఆయనకి చిన్న తెల్ల మాత్ర ఏదో కలిపి ఇస్తే మళ్లీ సైకిలు తొక్కుతున్నాడట! సరంగు అబద్ధం చెప్పే మనిషి కాదు, ముప్పై ఏళ్లుగా పడవ నడుపుతున్నాడు. నువ్వూ అడుగు. అడిగితే పోయేదేముంది?

జాకెట్ల విషయంలో మాత్రం నా తల దించకు. "మా అక్క వేసిన కుట్టు ఊడిందంటే నన్నడగండి" అని మా అధికారి ముందు అనేశాను. పనిచేసే చేతికి రోగం అంటదని నాన్న అనేవాడు కదా. చెయ్యి ఆపకు. అన్నీ సర్దుకుంటాయి.

నీ బండోడు

ఫిబ్రవరి 27

ఒరేయ్ సలహాలరాయుడూ,

అడిగాను. ఇచ్చాడు. తెల్ల మాత్ర, గోరంత ఉంది. సంతోషమా?

మొదటి పదిరోజులూ నిద్ర. నిద్ర కూడా కాదు, ఎవరో తల వెనక స్విచ్చి ఆపేసినట్టు. ఒకరోజు మిషన్ మీదే నుదురానించి పడిపోయాను. సూది కింద వేలు లేదు కాబట్టి బతికిపోయా. కళ్లు తెరిచేసరికి నా పక్క మిషనావిడ భుజం పట్టుకుని ఉంది. అన్నీ ఎడంచేత్తోనే చేస్తుందని మేమంతా ఎడంచెయ్యి అని పిలుస్తాం ఆవిడని. ఆ కంఠం మీ పడవ కూతని మించిపోతుంది. "ఏమైంది, ఏమైంది" అని అరిచి అందరినీ పోగేసింది. నీరసం అని బొంకాను. పాదాలు ఉబ్బి నా చెప్పులు పట్టక మీ బావ చెప్పులేసుకుని పనికి పోతున్నా.

అసలు కథ విను. మీ బావ పక్కనే కూర్చుని ఉండగా డాక్టరు అడిగాడు: "జూదం ఆడాలనిపిస్తోందా? అక్కర్లేనివి కొంటున్నారా? తిండి ఆపుకోలేకపోతున్నారా? ఇంకా, మరీ, కోరికలేమైనా పెరిగాయా?"

తలకొట్టేసినట్టయిందిరా. మీ బావ గోడ మీద క్యాలెండరు చదవడం మొదలుపెట్టాడు. "నేను అలాంటిదానిలా కనిపిస్తున్నానా మీ కంటికి?" అన్నాను. "ఈ మాత్రతో కొంతమందికి అలా అవుతుందమ్మా, అడగడం మా పని" అన్నాడు. "నాకేం అవలేదు" అని చెప్పి లేచొచ్చేశా. వచ్చేముందు మోతాదు పెంచి రాశాడు.

ఛీ. చెయ్యి వణుకుతోందని పోతే మనసులోకి కూడా చెయ్యిపెట్టి వెతుకుతారా? ఇంటికొచ్చి సబ్బుతో మొహం రెండుసార్లు కడుక్కున్నాను.

ఉబ్బిన కాళ్ల అక్క

మార్చి 30

బండోడా, బండోడా,

నా చెయ్యి నాకొచ్చిందిరా! మూడు వారాలైంది. సూదిలో దారం ఒక్క పట్టున ఎక్కిస్తున్నాను. ఆరింటికే లేస్తున్నా, అలుపు లేదు. సరంగు బావమరిది నూరేళ్లు సైకిలు తొక్కాలి.

కళ్లు కూడా తెరుచుకున్నాయి. ఇన్నాళ్లూ నా చుట్టూ ఎంత చెత్త కుట్టు ఉందో ఇప్పుడు కనిపిస్తోంది. పట్టీ మొదట్లో నలుచదరంగా కుట్టి, దాని మధ్య ఇంటూ గుర్తు వెయ్యాలి, చివర్లో వెనక్కి కుట్టి బిగించాలి. ఎడంచెయ్యి వేసిన ఇంటూ గుర్తు చూశావా? ఒక కాలు పొడుగు, ఒక కాలు పొట్టి. చూస్తే వాంతి వచ్చేట్టుంటుంది. నేను ఊరుకుంటానా? అయిపోయిన జాకెట్లు కట్టల్లోంచి తీసి, పట్టీల కుట్లు విప్పి, మళ్లీ వేస్తున్నా. చిన్న కత్తి మొన దారం కిందకి దూరుస్తే టప్పుమని తెగుతుంది చూడు, ఆ హాయి చెప్పలేనురా. ఒకటి తెగితే పక్కది రమ్మంటుంది.

ఇంట్లోనూ అంతే. కిటికీ తెరలు, దిండు గలీబులు, మీ బావ చొక్కాలు, ఎవడు కుట్టాడో గానీ పరమ రోత. అన్నీ విప్పేశాను. ఆదివారం భోజనానికి మూడుసార్లు పిలిచాడట మీ బావ. నాకు వినపడలేదు. అలిగాడు. ఈ మగవాళ్లకి ఒక ఆడది పనిలో మునిగి సంతోషంగా ఉంటే కడుపుబ్బరం.

ముప్పై ఏడు జాకెట్లు లారీలో మీ స్టోరుకి వచ్చేశాయి కదా. మూడింటి పట్టీలు నాకు నచ్చక ఇంటికి తెచ్చుకున్నా. అవి రేపు బస్సులో వేస్తాను.

మళ్లీ మనిషైన అక్క

ఏప్రిల్ 8

అక్కా, శభాష్!

నీ ఉత్తరం చదువుతుంటే చిన్నప్పుడు నా స్కూలు సంచి నాలుగుసార్లు విప్పి కుట్టిన అక్క కళ్లముందు కనిపించింది. డాక్టరుతో చెప్పు, ఆ తెల్ల మాత్ర తగ్గించడానికి వీల్లేదని.

నువ్వు బస్సులో పంపిన మూడూ వచ్చాయి. అప్పటికే పెద్ద పడవ బయల్దేరబోతోంది, జాకెట్లు సరిగ్గా మూడు తక్కువ. స్టోరుకి తేకుండా అటునుంచి అటే ఎక్కించేశాం. ముప్పై ఏడు నా గదిలో ఉన్నాయి, తనిఖీ అయ్యాక మిగతా పడవలకి ఇస్తాను.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకు. బావ నాకు రెండుసార్లు ఫోన్ చేశాడు. "మీ అక్క ఇల్లంతా విప్పి కుప్పపోసింది, ఏదో తేడాగా ఉంది" అంటాడు. నాకు ఒళ్లు మండి, "ఆర్నెల్లు ఏడ్చిన మనిషి ఇప్పుడు నవ్వుతుంటే నీకేం బాధ బావా? రెండు చొక్కాలు పోతే ఏం మునిగింది?" అనేశాను. ఆ తర్వాత ఆయన ఫోన్ ఎత్తడం మానేశా. నువ్వు హాయిగా పనిచేసుకో.

నీ బండోడు

ఏప్రిల్ 24

తమ్ముడూ,

నిన్న మీ బావ నీకు ఆరుసార్లు ఫోన్ చేశాడు. నువ్వెత్తలేదు. నేను చేస్తే ఎత్తావు, "అక్కా, గొంతు అసలు రావట్లేదు, ఉత్తరం రాయి" అని పెట్టేశావు. అందుకే కొరియర్‌లో పంపుతున్నా. నిలబడి చదవకు, కూర్చో.

ఆ జాకెట్లు ఎవరికీ ఇవ్వకు.

మొన్న రెండో విడత జాకెట్లు కట్టలు కడుతూ మా యజమానురాలు ఒక పట్టీ ఊరికే లాగి చూసింది. ఊడి చేతికొచ్చింది. ఇంకోటి లాగింది, అదీ అంతే. వంకరకుట్టు ఎవరిదంటే ఎడంచెయ్యిదే అని అందరికీ అనుమానం, నేనే కదా నెల్లాళ్లుగా దండోరా వేసింది. "రేపటి నుంచి రానక్కర్లేదు" అంది యజమానురాలు. ఎడంచెయ్యి నావైపు ఒకసారి చూసి, టిఫిన్ డబ్బా సర్దుకుని వెళ్లిపోయింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నోరు మెదపలేదు.

ఆ పట్టీలు నావిరా. విప్పడంలో ఉన్న హాయి కుట్టడంలో లేదు. ఒకటి విప్పగానే చెయ్యి ఇంకోదాని మీదకి పోయేది. మాత్ర దిగిపోయే వేళకి అన్నీ ముందేసుకుని, పైపైన ఒక్క వరస పరుగుకుట్టు వేసి పడేసేదాన్ని. బిగించింది లేదు, ఇంటూ గుర్తూ లేదు. చేస్తూ కూడా నాకు తెలీలేదు. తెలిసి కూడా తెలీనట్టుంది, ఎలా చెప్పను?

ఆ సాయంత్రం మీ బావ మంచం కిందనుంచి గోతాం లాగాడు. చేతుల్లేని చొక్కాలు పద్నాలుగు. అందులో సగం విప్పినట్టు నాకు గుర్తే లేదు. గోతాం భుజానేసుకుని నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి బల్ల మీద కుమ్మరించాడు. డాక్టరు ఒక చొక్కా తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇదీ ఆ మాత్ర పనేనమ్మా. కొందరు చేసిందే చేస్తూ కూర్చుంటారు. నేను జూదం గురించి అడిగాను, దీని గురించి అడగలేదు" అన్నాడు. అడిగినా నేను చెప్పేదాన్నా? మన ఇంట్లో పని ఎక్కువ చేస్తే రోగం అని ఎవడైనా అన్నాడా?

అన్నిటికంటే రోత ఏంటో తెలుసా? ఈ నెలన్నరా నేను పడ్డ సంతోషం నాది కాదట. గోరంత మాత్రది. తలుచుకుంటే నా నోరు నేనే కడుక్కోవాలనిపిస్తోంది.

నువ్వొక పని చెయ్యి. ఎవరికీ చెప్పకుండా ఆ జాకెట్లు నాకు తిప్పి పంపెయ్. మళ్లీ కుట్టి ఇస్తాను. బయటపడితే నా మిషన్ పోతుంది. నీకు దణ్ణం పెడతా.

అక్క

ఏప్రిల్ 30

అక్కా,

గుండె ఆగినంత పనైంది. బావకి క్షమాపణ చెప్పానని చెప్పు.

తలుపేసుకుని ముప్పై ఏడు జాకెట్లూ ఒక్కోటీ కాలితో తొక్కిపట్టి, రెండు చేతులా పట్టీ గుంజాను. ఒక్కటంటే ఒక్కటి కదల్లేదు! నా అరచేతులు బొబ్బలెక్కాయి గానీ నీ కుట్టు ఊడలేదు. ఇంటూ గుర్తులు కొంచెం వంకర, అంతే. మందు మత్తులో ఏదేదో ఊహించుకున్నావు. రెండో విడతలో ఏమైందో గానీ మొదటి విడత ఇనుములా ఉంది.

పెద్ద పడవ మీద ఉన్న మూడూ నేను చూడలేదు. ముప్పై ఏడు బాగుంటే ఆ మూడు బాగోవా? ఇప్పుడు నేను పోయి సరంగుని అడిగితే ఎందుకని ఆయన అడుగుతాడు, ఆయన అడిగితే అధికారి అడుగుతాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టవుతుంది. నేను పూచీ పడ్డవాణ్ని, నా ఉద్యోగం కూడా చూడాలి కదా. నువ్వూ నోరెత్తకు. ఆ ఎడంచెయ్యావిడకి ఇంకెక్కడో పని దొరుకుతుందిలే.

నీ బండోడు

మే 5

ఒరేయ్,

ఈ ఉత్తరం నీకు అందేసరికి మీ అధికారి నిన్ను పిలిచే ఉంటాడు. పిలిపించింది నేనే. ఎందుకో చదువు.

ముప్పై ఏడూ ఇనుములా ఉన్నాయని నువ్వు రాసిన దగ్గర నేను ఆగిపోయాను. నేను వేసిన కుట్టు నాకు తెలీదా? పిల్లాడు లాగినా ఊడాలి. పైగా ఇంటూ గుర్తులు వంకరట. నా ఇంటూ గుర్తు, రోగంలో కూడా, వంకర పోదు.

అప్పటికప్పుడు ఎడంచెయ్యి ఇంటికి పోయాను. సైకిలు షాపు మీద రెండో అంతస్తు. మెట్ల మధ్యలో కాలు మొరాయించింది, గోడ పట్టుకుని పావుగంట నిలబడ్డాను. తలుపు తీసి, నన్ను చూసి, గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మొదటి విడత పట్టీలు మళ్లీ కుట్టింది నువ్వేనా?" అన్నాను.

"మరి ఎవరనుకున్నావ్? నువ్వు విప్పడం, నేను కుట్టడం. రోజూ నువ్వు వెళ్లాక గంటసేపు అదే పని. రెండో విడత ఇంకా మొదలెట్టనేలేదు, ఈలోపు నన్ను తోలేశారు."

"ఎవరికీ ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు మిషన్ మీద పడిపోయిన రోజే తెలుసు నీకేదో రోగమని. నువ్వే చెబుతావులే అనుకున్నా. చెప్పలేదు. నన్ను తోలేస్తున్నప్పుడైనా చెబుతావనుకున్నా."

నాకు ఏడుపొచ్చింది. "నా కోసం అంత చేశావా" అన్నాను. అప్పుడు చూడాలి ఆ మొహం. నన్ను గోడకేసి కొట్టినట్టు అంది: "నీ కోసమా? నా కుట్టు చూస్తే వాంతొస్తుందని అందరికీ చెప్పినదానివి, నీ కోసం చేస్తానా? నీళ్లల్లో పడేది ఎవడో మనకి తెలీదు. వాడి కోసం చేశా."

అంతలో నాకు తట్టింది. ఆ మూడు. నేను ఇంటికి తెచ్చుకుని, నా చేతుల్తో విప్పి, బస్సులో వేసిన మూడూ ఆవిడ చేతికి పోనేలేదు. నువ్వు చూడకుండా పడవెక్కించినవీ ఆ మూడే.

ఫోన్ అందుకున్నాను. గొంతు రాలేదు. మీ కంపెనీవాడు "హలో, హలో" అంటున్నాడు, నా నోట్లోంచి గాలి వస్తోంది. ఆవిడ నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. పక్కన కూర్చుని నేను చెప్పడం, ఆవిడ అరవడం. నా పేరు చెప్పింది, నా రోగం చెప్పింది, మాత్ర సంగతి చెప్పింది. "స్టోర్‌కీపరుకి ఇది తెలుసా?" అని అడిగాడట. ఆవిడ ఫోన్ చేత్తో మూసి నావైపు చూసింది. తెలుసని చెప్పమన్నాను. నన్ను తిట్టుకుంటావో ఏం చేసుకుంటావో నీ ఇష్టం.

మర్నాడు యజమానురాలి దగ్గరికి కూడా ఇద్దరం కలిసే వెళ్లాం. నా మిషన్ ఇప్పుడు ఎడంచెయ్యిది. యజమానురాలు అరవలేదు, "ముందే చెప్తే ఏమయ్యేది?" అంది.

తెల్ల మాత్ర వారానికి పావు చొప్పున తగ్గిస్తున్నారు. ఒక్కసారి ఆపకూడదట. చెమటలు, దడ, ఊరికే ఏడుపు. చెయ్యి మళ్లీ మొదలెట్టింది. దాచకుండా చెబుతున్నా, నాకు ఇంకా విప్పాలనే ఉంది. ఇది రాస్తుంటే నా వేళ్లు నా రవికె అంచు వెతుక్కుంటున్నాయి. చిన్న కత్తి మీ బావ ఎక్కడో దాచాడు. ఎక్కడని అడగకుండా ఉండటమే ఇప్పుడు రోజంతా నా పని. నన్ను చూస్తే నాకే కంపరంగా ఉందిరా.

ఆ మూడింటి సంగతి వెంటనే రాయి.

అక్క

మే 9

అక్కా,

నిన్ను తిట్టుకున్నాను. నిన్నంతా తిట్టుకున్నాను. ఇవాళ రాస్తున్నా.

మీ ఫోన్ వచ్చేసరికి పెద్ద పడవ నీళ్లమీదే ఉంది, నూట పది మందితో. వైర్‌లెస్‌లో చెప్పి వెనక్కి తిప్పించారు. రేవులో అందరి ముందూ అధికారి ఆ మూడూ తెప్పించి, "పూచీ పడ్డావుగా, నువ్వే లాగు" అన్నాడు.

మొదటిది ఊడింది. రెండోది కొంత ఆగి ఊడింది. మూడోది సరంగు ఒంటి మీద ఉంది. నెల్లాళ్లుగా రోజూ వేసుకుంటున్నాడట, కొత్తది కదా, మెత్తగా ఉందని. విప్పి ఇవ్వమన్నాను. "లాగరా, పర్లేదు" అని నవ్వుతూ నిలబడ్డాడు. రెండు వేళ్లతో పట్టుకున్నానక్కా. అంతే. పట్టీ నా చేతిలో ఉంది, జాకెట్టు ఆయన మోకాళ్ల దగ్గరికి జారిపోయింది.

నన్ను రెండు నెలలు పక్కనపెట్టారు. దాని గురించి కాదు నేను రాసేది.

అందరూ వెళ్లాక సరంగు నా గదికి వచ్చి తలుపేశాడు. తిడతాడనుకున్నాను. తాళ్ల చుట్ట మీద కూర్చున్నాడు. "నాకు ఈత రాదురా" అన్నాడు. "ముప్పై ఏళ్లు. ఎవరికీ చెప్పలేదు. చెబితే పడవ దింపేస్తారని."

బండోడు